చూద్దాం అన్నవాళ్ళు

ఆత్మకూరులో నేను అద్దెకుంటున్న గదికి ఒకటే కిటికీ. దాని పక్కనే బల్ల వేసుకుని పని చేసుకుంటాను. పని అంటే, ఎక్కడెక్కడో పెద్ద నగరాల్లో పెద్దవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడిన వీడియోల కింద తెలుగు అక్షరాలు రాయడం. ఎదుటి మనిషి ముఖం చూస్తూ మాట్లాడాలంటే గొంతు పెగలని నాలాంటి దానికి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదు. వాళ్ళు మాట్లాడుతుంటారు, నేను ఆపుతాను, వెనక్కి తిప్పుతాను, మళ్ళీ వింటాను. నన్నెవరూ చూడరు. చిన్నప్పటి నుంచి డైరీలో చేస్తూ వచ్చిన పని కూడా ఇదే. ఎవరేమన్నారో విని, ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, దాని అర్థం ఏమిటా అని రాసుకోవడం. ఇప్పుడు దానికి జీతం ఇస్తున్నారు.

పోయిన నెల ఒక వీడియోల వరుస వచ్చింది. మూడు రంగాల్లో నాయకులైన వాళ్ళు తమ జీవితాల్లోంచి నేర్చుకున్న పాఠాలు చెబుతారు. ఒకాయన పెట్టుబడులు పెట్టి పేరు తెచ్చుకున్నవాడు. ఒకావిడ పెద్ద డాక్టరు. మూడో ఆయన ప్రభుత్వంలో పథకాలూ విధానాలూ తయారు చేసి రిటైరైన అధికారి. ముగ్గురూ మెత్తటి కుర్చీల్లో కూర్చుని, మంచినీళ్ళ గ్లాసులు ముందు పెట్టుకుని, వేరువేరు మాటలతో ఒకే సంగతి చెప్పారు. తొందరపడొద్దన్నారు. మార్కెట్ పడుతున్నప్పుడు చేతులు కట్టుకుని కూర్చోగలిగినందుకే నేను నిలబడ్డానని మొదటి ఆయన అన్నాడు. కత్తి పట్టడం కంటే కత్తి పట్టకుండా కనిపెట్టి ఉండటం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టిందని డాక్టరు అంది. ప్రజలు అడిగిన ప్రతిదానికీ ఆ రోజే జవాబు ఇవ్వకపోవడమే పాలన అని అధికారి అన్నాడు. ఒక్కొక్క మాటకూ చప్పట్లు.

ముగ్గురి మాటలకూ సరిపోయే తెలుగు మాట ఒకటి వెంటనే తట్టింది. చూద్దాం. పొట్టిగా ఉంది, తెర మీద ఒక్క వరుసలో పడుతుంది. రాశాను. చదువుకున్నాను. చెరిపేశాను. మా అవ్వ దగ్గర పెరిగినవాళ్ళు ఆ మాటను అంత తేలిగ్గా రాయలేరు.

నేను పెరిగింది ఉదయగిరి కొండ కింద, ఊరిని ఆనుకుని ఉన్న ఒక చిన్న పల్లెలో. అమ్మా నాయనా ఇద్దరూ టీచర్లు. ఒకరి బడి వరికుంటపాడు వైపు, ఇంకొకరిది దుత్తలూరు వైపు. ఇద్దరికీ బస్సుల్లోనే సగం బతుకు గడిచేది కాబట్టి నన్ను నాయనమ్మ దగ్గర పెట్టారు. ఆమె పేరు మరియమ్మ. నాకు అవ్వ. పొద్దున్నే మా వీధంతా చెక్కపొట్టు వాసన వచ్చేది. నాలుగిళ్ళ అవతల గరిటెలూ చెంచాలూ చెక్కేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ వాసనలోనే అవ్వ పొయ్యి అంటించి, పెనం పెట్టి, సజ్జరొట్టె తట్టేది. రొట్టె కాలుతుండగా పాలు పోసే ఆమె వచ్చేది. వరసకు అవ్వకు చెల్లెలే. అయినా అవ్వ ప్రతిరోజూ వేలు ముంచి, ఒక చుక్క గోటి మీద వేసుకుని, చెయ్యి వంచి, ఆ చుక్క ఎట్లా జారుతుందో చూసేది. చెల్లెలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది.

"ఏందక్కా, రోజూ ఇదేనా? నీళ్ళు కలిపేదాన్నయితే నీకెందుకు పోస్తాను, ఊళ్ళో ఎర్రోళ్ళు లేరా?"

"కలిపితివని నేననలేదే. కలపలేదని చూసుకుంటాండా."

అవ్వకు అనుమానం కోపం కాదు. ఇల్లు ఊడ్చినట్టు, నీళ్ళు తోడినట్టు, అది ఆమెకు రోజువారీ పని. చింతపండు కొంటే కొరికి చూసేది. మందుల షాపులో ఏ మాత్ర దేనికో చెప్పించుకునేది, ఇంటికొచ్చాక అదే ప్రశ్న నాయనను అడిగి రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూసేది. బస్సులో టికెట్ తీసుకున్నాక కూడా పక్కనున్నవాళ్ళను "ఇది ఆత్మకూరుకేనా?" అని అడిగేది. ఆదివారం గుడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కోకముందే నన్ను కూర్చోబెట్టి, పాస్టరుగారు చెప్పిన వచనం బైబిలులో తీసి చదవమనేది. ఆయన ఒక మాట మింగినా, ఒక మాట చేర్చినా ఆమెకు తెలియాలి. ఇప్పుడు పుస్తకాలంటే నాకున్న పిచ్చి ఆ వెతుకులాటలోనే మొదలైంది. అది భక్తి మాత్రం కాదు. చెప్పినవాడు సరిగ్గా చెప్పాడో లేదో పట్టుకోవడంలో ఉన్న రుచి.

ఆ రోజుల్లో మా పల్లెకు ఒక పెద్దాయన ఉండేవాడు. పొలాలున్నవాడు, పార్టీవాళ్ళు ఊళ్ళోకొస్తే ముందుగా ఆయన గడప తొక్కేవాళ్ళు. పింఛను కావాలన్నా, బోరు కావాలన్నా, పిల్లవాడికి హాస్టలు సీటు కావాలన్నా ఆయన అరుగు ఎక్కాల్సిందే. మా అవ్వది ఒకటే అడుగుడు. మా సమాధుల తోటకు దోవ. తోట ఊరికి అవతల ఉంది, మధ్యలో పెద్దాయన దాయాదుల పొలాలు. శవాన్ని గట్టు మీద మొయ్యాలి. మా తాత చచ్చిపోయింది వానాకాలంలో. మోసేవాళ్ళు జారి, పెట్టె వాలి, మోకాళ్ళ లోతు బురదలో నిలబడి మళ్ళీ ఎత్తుకోవలసి వచ్చిందట. నేను పుట్టకముందు సంగతి. కానీ అవ్వ చెప్పేటప్పుడు తన చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకునేది, ఆ బురద ఇప్పటికీ కింద ఉన్నట్టు.

ఎప్పుడు పోయినా నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. పెద్దాయన అరుగు మీద కాఫీ వాసన, కొత్త పేపరు వాసన, తడిపి ఊడ్చిన మట్టి వాసన కలిసి ఉండేవి. మేము మెట్ల కింద నిలబడేవాళ్ళం. ఆయన మంచి మాటకారి, నన్ను చూస్తే ఏ తరగతి అని అడిగేవాడు, నేను అవ్వ వెనక్కి దాక్కుంటే నవ్వేవాడు.

"ఏంది మరియమ్మా, ఎండన పడొచ్చినావు?"

"ఆ దోవ సంగతయ్యా. వానలొస్తాండాయి."

"నాకు గుర్తుండాదిలే. చూద్దాం."

"వాళ్ళతో ఒక మాట చెప్పినారాయ్యా?"

"చూద్దామన్నా గదా. పో, పాపకు ఎండ తగల్తాండాది."

మొదటిసారి వెనక్కి వస్తూ అవ్వ నన్ను పరీక్ష పెట్టినట్టు అడిగింది. "ఏమన్నాడు?"

"చూద్దాం అన్నాడు."

"అంటే?"

"చూస్తాడని."

"కాదు. లేదని."

నాకు అర్థం కాలేదు. "మరి లేదని చెప్పొచ్చు గదవ్వా?"

"లేదంటే నేను ఇంకో చోటికి పోతా గదమే. కలెక్టరు కాడికి పోతా, ఇంకో పార్టీవోడి కాడికి పోతా. చూద్దామంటే ఆయన అరుగు కిందనే నిలబడుకోనుంటా."

"అట్టయితే మళ్ళీ ఎందుకు పోవడం?"

"పోకపోతే, అడగను కూడా లేదే అంటాడు. కనపడతా ఉండాల."

ఊళ్ళో అందరూ పెద్దాయనను మెచ్చుకునే మాట ఒకటుండేది. ఆయన నోట లేదనే మాట రాదు అని. నిజమే, నేనెప్పుడూ వినలేదు. ఫీజులు కట్టించాడు, పెళ్ళిళ్ళకు బియ్యం పంపాడు, చెయ్యదలచినవి చేశాడు. చెయ్యనివాటికి మాత్రం లేదు అనలేదు. అవ్వ ముందర ఎవరైనా ఆ మెచ్చుకోలు ఎత్తితే, "అదే గదా ఆయనకుండే రోగం" అనేది, చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా. అట్లా మా ఇంట్లో చూద్దాం అనే మాటకు అర్థం మారిపోయింది. సినిమాకు పోదామా అని నేనడిగితే అవ్వ "వద్దు" అనేది. చూద్దాం అని ఒక్కసారి కూడా అనలేదు. అమ్మ ఒకసారి పొరపాటున అంటే నేను ఏడ్చానట.

ఆ మాటకు ఇంకో అర్థం ఉండొచ్చునని మా సామ్యేలు చిన్నాన్న వల్ల తెలిసింది. నాయనకు తమ్ముడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు. నేను డిగ్రీకి ఆత్మకూరు వచ్చి వాళ్ళింట్లో ఉన్న రోజుల్లో, ఆయనకు షేర్ల పిచ్చి పట్టింది. ఊళ్ళో ఒక బట్టల షాపు పైన గది తీసుకుని ఒక సార్ క్లాసులు చెప్పేవాడు. మార్కెట్ సార్ అనేవాళ్ళు అందరూ. గోడ మీద పెద్ద పెద్ద పెట్టుబడిదారుల ఫోటోలు, వాళ్ళ సూక్తులు. చిన్నాన్న షాపుకు గిరాకీ లేనప్పుడల్లా ఆ గదిలోనే ఉండేవాడు. దాచుకున్నదంతా ఒకటి రెండు కంపెనీల్లో పెట్టాడు. అవి పడటం మొదలుపెట్టాయి. సంగతి ఉదయగిరికి చేరింది. అవ్వ పొద్దున బస్సుకే దిగి, నన్ను తోడు తీసుకుని, ఆ మెట్లెక్కి, క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. కుర్రాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. నాకు ఆ బెంచీ కిందికి దూరిపోవాలనిపించింది.

సార్ మర్యాదస్తుడే. "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"మా వోడు పెట్టింది తగ్గతా ఉండాదంట. తీసేయ్యాల్నా, ఉంచాల్నా?"

"ఓపిక పట్టాలమ్మా. పెద్దవాళ్ళందరూ చెప్పింది అదే. చూద్దాం, ఇది లాంగ్ టర్మ్."

"అదెంత పొడుగుంటాదయ్యా?"

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు, కానీ జవాబు చెప్పలేదు. అవ్వకు అది చాలు. ఆ రోజు నుంచి చిన్నాన్నకు అన్నం సహించనివ్వలేదు. చూద్దామన్నాడంటే లేదని, ఆ అరుగు దిగిరా అని, ఫోనులో పొద్దునా సాయంత్రమూ. చిన్నాన్న చివరికి పడిన ధరకే అన్నీ అమ్మేశాడు. ఆ తరవాత కొంత కాలానికి ఆ కంపెనీలు లేచాయి. బాగా లేచాయి. క్లాసులో ఓపిక పట్టినవాళ్ళు ఇళ్ళు కట్టుకోలేదు కానీ బైకులు మార్చారు. మార్కెట్ సార్ దొంగ కాదు. అట్లాగని ఆయనకు ముందే తెలుసని కూడా నేను నమ్మను. పడి లేవకుండా పోయిన కంపెనీల పేర్లు ఆ గోడ మీద ఎక్కడా లేవు. కానీ చిన్నాన్నకు ఈ తర్కం ఎక్కలేదు.

"మాయమ్మ అనుమానం నా కొంప ముంచింది. ఊళ్ళో ఒక పెద్దాయన మోసం జేస్తే లోకమంతా ఆయన అరుగేనా?" అని నా ముందే అన్నాడు. అవ్వకు ఆ మాట చేరింది. చాలా రోజులు ఆత్మకూరు రాలేదు.

ఆ ముగ్గురు నాయకుల వీడియో దగ్గర నేను ఆగిపోవడానికి కారణం ఇదంతా. వాళ్ళు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. ఆగడం గొప్ప విద్యే అయ్యుండొచ్చు. కానీ ముగ్గురిలో ఒక్కరూ, తాము ఆగినంత కాలం వేరే వాళ్ళు ఎవరి మెట్ల కింద నిలబడ్డారో చెప్పలేదు. అడిగినవాళ్ళు కూడా లేరు. చివరికి వేచి ఉండటం అని పుస్తకాల మాట ఒకటి రాసి పంపించాను. ఎవరూ తప్పు పట్టలేదు. ఇప్పుడు పెద్దాయన లేడు. ఆయన అరుగుకు ఇనుప గ్రిల్లు బిగించి బైకులు పెట్టుకుంటున్నారు. దోవ ఇప్పటికీ లేదు. అర్జీ ఫోనులో పెడితే, పరిశీలనలో ఉంది అని ఫోనుకే జవాబు వస్తుంది. పెద్దాయన చూద్దాం అన్నప్పుడు కనీసం ఆయన కళ్ళు ఎటు తిరిగాయో చూడటానికి ఒక ముఖం ఉండేది. పరిశీలనలో ఉంది అన్నవాడికి ముఖం లేదు. ఈ రెండింటిలో ఏది మేలంటే నేను చెప్పలేను, కానీ అనుమానపడటానికి కూడా ఒక మనిషి కావాలని ఇప్పుడు అర్థమవుతోంది.

అవ్వ మళ్ళీ ఆత్మకూరు వచ్చింది తన గొంతు కోసం. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు, తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుని తన మెడ మీద పెట్టుకుంది. "ఈడ చూడు, ఏందో ఉండాది." చర్మం కింద చింతగింజంత గడ్డ, మింగితే కదులుతోంది. నాయన, నేను కలిసి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ఆవిడ, వయసులో చిన్నది, కళ్ళ కింద నల్లగా ఉండేది. స్కానింగు చేయించింది, గడ్డలోంచి సూదితో తీసి పరీక్షకు పంపింది. అన్నీ వచ్చాక అవ్వ మెడ తడిమి, చెయ్యి కడుక్కుని, నవ్వుతూ చెప్పింది.

"ఇప్పటికి భయపడాల్సిందేమీ కనపడలేదు మామ్మగారూ. కొయ్యక్కర్లేదు. మూడు నెలలు చూద్దాం."

అవ్వ చెయ్యి నా చేతిలో ఉంది. ఆ మాట వినగానే చెయ్యి లాక్కుని లేచి నిలబడింది.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని, కొంగుతో మెడ కప్పుకుని, "ఇన్నావు గదా" అంది.

"అవ్వా, భయం లేదనింది. కొయ్యక్కర్లేదనింది."

"చూద్దామనింది. ఆ పిల్లకు నా ముందర చెప్పేదానికి నోరు రాలేదు. గారు పెట్టి పిలస్తాండాది చూడు. నన్ను గారు అనేవాళ్ళు ఎవురు, ఏదో దాస్తా ఉంటే తప్ప?"

నాయన విసుక్కున్నాడు. "అమ్మా, వాళ్ళ పక్కన అందరినీ అట్టనే పిలస్తారు."

"నువ్వు టీచరువి, నీకు అందరూ నిజమే చెప్తారు."

చావు ఖాయమని ఆమె తేల్చేసుకుంది. ఊరికి పోయినాక చేసిన మొదటి పని, చిన్నాన్నకు ఫోను చేసి, ఒక ఆదివారం వచ్చి సమాధుల తోట గట్టు మీద ముళ్ళకంప కొట్టించమని చెప్పడం. "నన్ను మోసేటప్పుడు ఎవురి కాలికీ గుచ్చుకోకూడదు" అంది. చిన్నాన్న మొదట అరిచాడు, తరవాత ఏడ్చాడు, చివరికి నాకు ఫోను చేసి, "పాపా, నువ్వన్నా చెప్పు. డాక్టరు ఆగమంటే ఆగాల. ఈసారన్నా ఆగమను. నా డబ్బు మాదిరి తన పానం కూడా పారేసుకుంటాదేమో" అన్నాడు. అందరి భయం ఒకటే. ఆమె ఇక ఆసుపత్రి గడప తొక్కదని. గడ్డ మంచిదైనా చెడ్డదైనా, మళ్ళీ చూపించకపోతే ఎవరికీ తెలియదు. ఆమెను ఆ మూడు నెలల తరవాత ఎట్లా తీసుకురావాలా అని నేను పుస్తకాల ముందు కూర్చుని ఆలోచించేదాన్ని.

ఆలోచించాల్సిన పని లేకపోయింది. తరవాతి వారమే అవ్వ ఒక్కతే ఆత్మకూరు బస్సు దిగింది. నేను కాలేజీ నుంచి వస్తుంటే ఆసుపత్రి వరండాలో, రోగుల వరుసకు కాస్త పక్కగా, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్దాయన అరుగు కింద నిలబడినప్పటి ముఖమే.

"ఏందవ్వా, మూడు నెలలన్నారు గదా?"

"కనపడతా ఉండాల గదమే."

డాక్టరు గదిలోంచి బయటికొస్తూ చూసింది. "మామ్మగారూ, ఇంత తొందరగా వచ్చారేమిటి? ఆగమన్నాను కదా."

"ఆగతానే ఉండానమ్మా. ఈడ కూచోని ఆగతాండా."

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. డాక్టరు నవ్వలేదు, పనిలోకి పోయింది. ఆ తరవాతి వారమూ వచ్చింది అవ్వ. ఆ తరవాతా. ఊరికే కూర్చునేది, డాక్టరు రాకపోకలు గమనించేది, ఎవరిని ఎంతసేపు చూస్తోందో, ఎవరిని కసురుతోందో, టీ ఎప్పుడు తాగుతోందో నాకు చెప్పేది. "పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు ఆ పిల్ల" అంది ఒకసారి, నేరం పట్టుకున్నట్టు. డాక్టరు కూడా అలవాటు పడింది. పోతూ పోతూ "ఎట్లా ఉన్నారు?" అనేది. అవ్వ "నువ్వే చెప్పాల" అనేది.

ఒకరోజు డాక్టరు నన్ను లోపలికి పిలిచింది. మా అవ్వకు ఏం కావాలి, ఎందుకిట్లా తిరుగుతోంది, పెద్దావిడకు బస్సు ప్రయాణాలెందుకు అని అడిగింది. కసిరినట్టే అడిగింది. నా జీవితంలో బయటి మనిషి ముందు, ముఖం చూసి, ఒక పూర్తి విషయం చెప్పింది అప్పుడే. మా ఊళ్ళో ఒక పెద్దాయన గురించి చెప్పాను. ఆయన నోట లేదనే మాట రాదన్న సంగతి చెప్పాను. "మా ఇంట్లో చూద్దాం అంటే లేదని, మేడం. మీరు బతకదని చెప్పారనుకుంటోంది" అన్నాను.

డాక్టరు కలం మూత పెట్టి పక్కన పెట్టింది. తరవాత, "మరి నేనేమనాలి? నిజంగా చూడాల్సే ఉన్నప్పుడు?" అంది.

ఆ తరవాత కొన్ని వారాలకు, మూడు నెలలు ఇంకా నిండకముందే, అవ్వ ఎప్పటిలా గోడకానుకుని కూర్చుని ఉంది. నేను పక్కన నిలబడ్డాను. డాక్టరు పోతూ పోతూ ఎట్లా ఉన్నారని అడిగింది, అవ్వ నువ్వే చెప్పాల అంది. డాక్టరు రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి వచ్చింది.

"ఇంకోసారి అనండి."

"ఏమనాల?"

"మీ గొంతు ఇట్లా లేదు. పోయినసారి ఇట్లా లేదు." నా వైపు తిరిగింది. "జలుబు చేసిందా?"

లేదన్నాను. చిన్నప్పటి నుంచి వింటున్న నాకు తెలియలేదు ఆ గొంతు బొంగురుపోయిందని. డాక్టరు ఆ వరండాలోనే మోకాళ్ళ మీద కూర్చుని, అవ్వ మెడ తడిమింది, మింగమంది, మళ్ళీ తడిమింది. లోపలికి తీసుకుపోయి మళ్ళీ స్కానింగు చేయించింది. అంతా అయ్యాక తన కుర్చీలో కూర్చుంది. చుట్టూ జనం. ఇద్దరు ముగ్గురు తలుపు దగ్గరే నిలబడి వింటున్నారు.

"మామ్మగారూ, ఇక ఆగకూడదు. నెల్లూరు పోవాలి. తీయించేయాలి. ఈ వారంలోనే."

అవ్వ కళ్ళు చిన్నవి చేసుకుంది. "మొన్న ఆగమంటివి. ఇప్పుడు ఉరకమంటాండావు. ఏది నిజం?"

"మొన్న అది నిజం. ఇవాళ ఇది నిజం. మీ గొంతు మారింది, నేను మాట మార్చుకున్నాను."

"అట్టయితే నువ్వే కొయ్యి. ఈడనే."

"నాకు చేతకాదు. అది వేరే డాక్టరు పని. ఆయనకు ఫోను చేసి చెబుతాను."

"ఆయనెవురో నాకేం తెలుసు?" అవ్వ బల్ల అంచు పట్టుకుంది. అంతవరకూ ఆమెకు భయమేసి ఉంటుందని నాకు తట్టలేదు. "నువ్వు గూడా రామ్మా. నా పక్కన నిలబడుకో. కోసిందాకా ఉండి పోదువు."

తలుపు దగ్గర ఎవరో నవ్వారు. ఇప్పుడు ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. అంత వయసున్న మనిషి, అట్లా అడుగుతుంటే, ఏ మంచి మనిషైనా అనేది ఒక్కటే మాట. ఆ మాట అంటే అవ్వ లేచి, ఉదయగిరి బస్సెక్కి, ఇక ఎవరు పిలిచినా రాదు. డాక్టరు నా వైపు ఒకసారి చూసింది. తరవాత అవ్వ వైపు.

"రాలేను" అంది.

ఎవరూ నవ్వలేదు. "రాలేను మామ్మగారూ. ఇంతమందిని వదిలేసి రాలేను."

అవ్వ ఆమె ముఖంలోకి చూస్తూనే ఉంది. తరవాత బల్ల అంచు వదిలేసింది. కొంగు సర్దుకుంది. "నెల్లూరు బస్సు ఎన్నింటికుంటాది?" అని అడిగింది. డాక్టరును కాదు, నన్ను.

గడ్డ మంచిది కాదని, ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే కష్టమయ్యేదని నెల్లూరులో తీశాక చెప్పారు. గొంతు పూర్తిగా పాతది కాలేదు కానీ ఊరంతా వినపడేంత వచ్చింది. చిన్నాన్న నెల్లూరులో ఆమె మంచం పక్కనే పడుకున్నాడు. ఇవన్నీ తరవాత సంగతులు. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు మాకేమీ తెలియదు. అవ్వ నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది, నేను కోపం వచ్చిందేమోనని తల వంచుకుని నడుస్తున్నాను.

"రాలేననింది, ఇన్నావా?" అంది అవ్వ.

"బాధేసిందా అవ్వా?"

"బాధెందుకు?" కింది మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. "ఇంత వయసొచ్చినాది నాకు. కుర్చీలో కూచోనుండేవాళ్ళు నా మొహం మీద లేదని చెప్పింది ఈ పొద్దే." వెనక్కి తిరిగి, డాక్టరు గది తలుపు వైపు, పాలచుక్కను చూసే చూపుతో కాక, మామూలు కళ్ళతో చూసింది. "పద. ఆ పిల్ల పొమ్మన్న చోటికి పోవచ్చు."